బాలవ్యుత్పత్తి: పసిబిడ్డకు మాట నేర్పువారెవరు?

బిజినేపల్లి ప్రాంతపు పల్లెలలోనైనను, తెలుగునేలపై మరి ఏ మూలనైనను, ఏడాది నిండిన బిడ్డ నోట మాట రాకున్నచో ఇంటి పెద్దలకు మొదట స్ఫురించునది వసకొమ్ము. దానిని సానరాతిపై అరగదీసి, ఆ గంధమును బిడ్డ నాలుకకు రాచుట తరతరముల ఆచారము. ఎడతెగక మాటలాడు పిల్లను 'వసపిట్ట' యని ముద్దుగా పిలుచుట దీనినుండియే వచ్చినది. ఈ మూలికకు సంస్కృతమున 'వచా' యని పేరు. వాక్కు, వచనము, ప్రవచనము అను పదములకు మూలమైన ధాతువే ఆ పేరులోను వినబడుచున్నది. పేరులో మాటను దాచుకొన్న వేరు మాట రాని నాలుకకు మందగునని పెద్దలు తలచుట సహజమే. (నేటి వైద్యులు మాత్రము పసిబిడ్డల నోట వస పెట్టవలదనియే చెప్పుచున్నారు. ఆ హితవు పాటింపదగినది.)

మాట వేరులో లేదని ఆ ఆచారము పాటించు తల్లికిని తెలియును. మరి అది ఎక్కడనుండి వచ్చును? ఏడుపు తప్ప వేరెరుగని ప్రాణి రెండు మూడేండ్లలో పెద్దలతో వాదించు స్థితికి ఎట్లు చేరును? మన శాస్త్రములలో ఇది వినోదమునకు అడిగిన ప్రశ్న కాదు. వేదము యొక్క ప్రామాణ్యము, ఉపనిషద్వాక్యముల యొక్క అర్థవత్త్వము ఈ ప్రశ్నకు ఇచ్చు సమాధానముపై ఆధారపడి యున్నవి. అందువలన మీమాంసకులు, నైయాయికులు, వేదాంతులు, వైయాకరణులు వేయేండ్లకు పైగా సాగించిన వాదములలో ఒడిలోని పసిబిడ్డ సాక్షిగా నిలువవలసి వచ్చినది.

ఈ విచారమునకు తొలి ఆనవాళ్ళు బ్రాహ్మణ గ్రంథములలోనే కలవు. శతపథ బ్రాహ్మణము పదునొకండవ కాండమున సృష్టికథ చెప్పుచు, ప్రజాపతి సంవత్సరాంతమున మాటలాడ యత్నించి వ్యాహృతులను పలికెననియు, కావుననే బిడ్డయు ఏడాది నిండునప్పుడు మాటలాడ యత్నించుననియు చెప్పినది. ప్రజాపతి మొదట పలికినవి ఒకటి రెండు అక్షరముల మాటలట. బిడ్డ తొలి పలుకులును అట్టివే యని ఆ బ్రాహ్మణము వెంటనే జోడించినది. ఏడాది నిండిన బిడ్డ లేచి నిలువబూనుటకును అదే కారణము చూపినది. యజ్ఞశాలలో కూర్చుండి సృష్టిరహస్యము విచారించు ఋషి దృష్టి ఇంటిలో తప్పటడుగులు వేయు బిడ్డపై ఎంత నిశితముగా నిలిచినదో చూడుడు. నేటి శిశువైద్యుడును తొలి పదమునకు ఇంచుమించు అదే గడువు చెప్పును.

తెలుగు బిడ్డ నోట వచ్చు తొలి మాటలను లెక్కించినచో ఋషివాక్యము అక్షరాల నిజమగును. అమ్మ, నాన్న, తాత, అత్త, అక్క, బువ్వ, లాల, బూచి, జేజ. అన్నియు రెండక్షరములే. పెదవులు కలిపినంతనే, నాలుక కొన పండ్లకు తగిలినంతనే పలుకదగిన హల్లులే వీనిలో అధికము. ఋగ్వేదము తొమ్మిదవ మండలములోని ఒక సూక్తమున తండ్రికి 'తత' యనియు, తల్లికి 'నన' యనియు వాడుక కనబడును. ఋషి తన ఇంటి పనులను చెప్పుచు, బాల్యమున తాను పలికిన మాటలనే మంత్రమున ఉంచినాడు. అదే ధ్వని మనకు 'నాన్న'యై తండ్రిని చెప్పుచున్నది, 'తాత'యై తండ్రికి తండ్రిని చెప్పుచున్నది. అర్థములు స్థానము మారినవి గాని బిడ్డ నాలుక మారలేదు.

గృహస్థుని సంస్కారములలోను వాక్కుకు తొలి స్థానము లభించినది. బృహదారణ్యకము కడపటి అధ్యాయమున, పుట్టిన బిడ్డ కుడి చెవి చెంత తండ్రి తన నోరుంచి 'వాక్' అని మూడు మార్లు పలుకవలెనని విధి. ఆ పిమ్మటనే పెరుగు, తేనె, నేయి బంగారముతో నాకించుట. నాలుకకు రుచి చూపుటకు ముందే చెవికి మాట వినిపించవలెనను ఈ క్రమము గమనింపదగినది. చెవి ముందు, నాలుక వెనుక.

ఇక శాస్త్రచర్చ. జైమిని సూత్రములకు భాష్యము రచించిన శబరస్వామి శబ్దార్థసంబంధము నిత్యమని స్థాపింపవలసి వచ్చెను. 'ఈ సంబంధమును ఎవడో ఒకడు ఒకనాడు ఏర్పరచియుండడా?' యని పూర్వపక్షి అడుగును. శబరుడు బిడ్డవైపు చూపును. పెద్దలు తమలో తాము మాటలాడుకొని పనులు చేసికొనుచుండగా, చెంతనున్న బాలురు విని అర్థము గ్రహించుట ప్రత్యక్షము. ఆ పెద్దలును ఒకప్పుడు బాలురే. వారు తమ పెద్దల వలన, ఆ పెద్దలు తమ పెద్దల వలన నేర్చిరి. ఈ పరంపరకు మొదలు కనబడదు. భాషను తనంతట తాను కల్పించుకొన్న తొలి బాలుడు ఎవనికిని స్మృతిలో లేడు. కనుక సంబంధము అపౌరుషేయము. వేదము నిత్యమను సౌధమునకు పునాదిరాయి ఈ విధముగా ఇంటి ముంగిటి బాలుని వద్ద పడినది.

నైయాయికులు ఈ తీర్పునకు అంగీకరింపరు. ఈ పదమునకు ఈ అర్థమని ఈశ్వరుడు సంకేతించెనని వారి మతము. కాని బాలుడు ఆ సంకేతమును ఎట్లు తెలిసికొనుననగా వారును శబరుడు చూపిన ముంగిటికే వత్తురు. ఆ ఘట్టమును అతి సులభముగా బోధించినవాడు మన తెలుగువాడే. 17వ శతాబ్దివాడైన అన్నంభట్టు కాశిలో విద్య నెరపి, బాలురకు తర్కప్రవేశము కలుగుటకు 'తర్కసంగ్రహము' రచించి, దానికి తానే 'దీపిక' యను వ్యాఖ్య కూర్చెను. కాశికి పోయినంత మాత్రమున అన్నంభట్టు కాజాలడని పండితులలో సామెత పుట్టినదనగా ఆయన ప్రతిష్ఠ తెలియుచున్నది. నేటికిని తెలుగునాట తర్కము చదువగోరు విద్యార్థి మొదట తెరచునది ఆ గ్రంథమే.

దీపికలో అన్నంభట్టు వర్ణించిన దృశ్యము ఇట్టిది. ఇంటిలో ఇద్దరు పెద్దలు కలరు. ఉత్తమవృద్ధుడు మధ్యమవృద్ధునితో ఆవును తెమ్మని చెప్పును. మధ్యమవృద్ధుడు లేచి పోయి గంగడోలు గల ఒక జంతువును తోలుకొని వచ్చును. మాటలు తెలియని బాలుడు ప్రక్కనుండి ఇది యంతయు చూచుచుండును. ఆ ధ్వని వినబడగనే ఈ పని జరిగినది, వినబడకున్న జరుగలేదు, కనుక ఆ ధ్వనియే ఈ పనికి కారణమని అన్వయవ్యతిరేకముల చేత నిశ్చయించుకొనును. అయినను అందు ఏ ముక్క ఆవును చెప్పినది, ఏ ముక్క తెచ్చుటను చెప్పినది బాలునకు ఇంకను తెలియదు. మరునాడు 'ఆవును కట్టుము', 'గుఱ్ఱమును తెమ్ము' అను మాటలు వినబడును. ఒక పదము తొలగినది, మరియొకటి చేరినది. పనియు దానికి తగినట్లు మారినది. ఈ చేర్పు తొలగింపులకే ఆవాపోద్వాపములని పేరు. వీనివలన బాలుడు ఆవు పదమునకు ఆవును, గుఱ్ఱము పదమునకు గుఱ్ఱమును విడదీసికొనును.

ఈ దృశ్యమున ఉత్తమవృద్ధుడు బాలునితో ఒక్క మాటయు ఆడలేదు! ఎవరును బాలునకు పాఠము చెప్పలేదు. ఇద్దరు పెద్దలు తమ పని తాము చూచికొనుచున్నారు. మాటకు వెంటనే పని, పనికి ముందు మాట. ఈ రెంటి జంటను బాలుడు తన కన్నులతో, తన చెవులతో పట్టుకొన్నాడు. శాస్త్రము దీనిని వృద్ధవ్యవహారమనినది. పేరు చెప్పి గురువును చూపనక్కరలేని విద్య లోకమున ఇదియొకటే కావచ్చును.

ఇక్కడ ప్రాభాకర మీమాంసకులు ఒక చిక్కు తెచ్చిపెట్టిరి. బాలుడు నేర్చినది ఆజ్ఞావాక్యముల వలన కదా, కావున పదములన్నియు చేయవలసిన కార్యముతో ముడిపడియే అర్థమిచ్చునని వారు వాదించిరి. ఈ మాట ఒప్పుకొన్నచో వేదాంతికి నిలువ నీడ లేదు. బ్రహ్మము చేయదగిన పని కాదు, ఉన్న వస్తువు. కార్యముతో సంబంధము లేని వస్తువును పదము చెప్పజాలదన్నచో ఉపనిషత్తుల గతి యేమి? పసిబిడ్డ ఆవు పేరు ఎట్లు నేర్చెనను చిన్న ప్రశ్న మోక్షశాస్త్రపు మూలమును కదల్చినది.

వేదాంతులు దీనికి రెండు తెరగుల బదులిచ్చిరి. మొదటిది పుత్రజనన వార్త. దేశాంతరముననున్న ఒకనికి వార్తాహరుడు వచ్చి కొడుకు పుట్టెనని చెప్పును. ఆ భాష రానివాడొకడు, పుట్టిన సంగతి ముందే యెరిగినవాడు, ప్రక్కన నిలిచి తండ్రి ముఖము వికసించుట చూచి ఆ మాటకు అర్థమూహించును. ఇందులో ఆజ్ఞ లేదు, పని లేదు, సంతోషము మాత్రము కలదు. దీనిని పండితులు బహుధా విమర్శించిరి. సంతోషమునకు కారణములు పెక్కులు కదా యని ప్రాభాకరుల ఆక్షేపము. ఆ ఆక్షేపమున బలము లేకపోలేదు.

రెండవ సమాధానము శ్రీభాష్యకారులది. రామానుజాచార్యులు ప్రథమసూత్ర వ్యాఖ్యయందే బాలుని తల్లి ఒడిలోనికి తెచ్చిరి. తల్లిదండ్రులు బిడ్డకు అమ్మను, నాన్నను, మేనమామను, చందమామను, పశువులను, పక్షులను, పామును వేలితో చూపుచు, పేరు చెప్పుచు, పదేపదే పలుకుచుందురు. ఆ వేలి గురి, ఆ పలుకు మరల మరల కలసి వచ్చుటచేత బిడ్డకు తనంతటనే ఎరుక కలుగును. ఇక్కడ తెమ్మనుట లేదు, కట్టుమనుట లేదు. చూపుట మాత్రమే కలదు. సిద్ధవస్తువును చెప్పు శక్తి పదమునకు మొదటి దినమునుండియే కలదని దీనివలన సిద్ధించినది.

ప్రాభాకరులు పెరటిలో నిలిచి చూచిరి, రామానుజులు ఒడిలో చూచిరి అని చెప్పవచ్చును. ప్రతి ఇంటిలోను పెరడును కలదు, ఒడియు కలదు. చందమామను చూపుచు బువ్వ తినిపించు తెలుగు తల్లి మాత్రము, శాస్త్రమెరుగకయే, శ్రీభాష్యకారుల పక్షము వహించినట్లు తోచును.

వైయాకరణుడైన భర్తృహరి వీరందరికంటె లోతైన చోట వేలు పెట్టెను. సుమారు 5వ శతాబ్దివాడైన ఆయన వాక్యపదీయమున అడిగినది వేరొక ప్రశ్న. పద మెట్లున్నను, దానిని పలుకుటకు ప్రాణవాయువును పైకి లేపుట, నాలుకను తగిన స్థానమున తాకించుట బిడ్డకు ఎవరు నేర్పిరి? లోపలి నాలుక కదలికను ఎవ్వరును వేలితో చూపజాలరు కదా. ఇది పూర్వజన్మల శబ్దభావన వలన కలుగునని ఆయన సిద్ధాంతము. వసంతమున కోకిల స్వరమును మార్చునది ఎవరని ఆయన అడుగును. గత శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికా పండితుడు నోమ్ చోమ్స్కీ, భాషాశక్తి మానవునకు జన్మసిద్ధమని వాదించి పాశ్చాత్య లోకమును కదిలించెను. ఇరువురి సిద్ధాంతములు ఒకటి కావు. చోమ్స్కీ శరీరధర్మమును చెప్పగా భర్తృహరి సంస్కారమును చెప్పెను. అయినను వినికిడి ఒక్కటే చాలదని ఇరువురును గుర్తించిరి.

ప్రయోగములతో ఈ విషయమును పరీక్షించుట ఇటీవలి మాట. 1984లో కెనడా దేశమున జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు శిశువులకు హిందీ 'త' కార 'ట' కారములను వినిపించిరి. ఆంగ్లము మాటలాడు ఇండ్ల బిడ్డలు ఆరు నుండి ఎనిమిది మాసముల వయస్సున ఆ భేదమును గుర్తించిరి. పది పండ్రెండు మాసములు వచ్చుసరికి వారికే అది గుర్తింపరాలేదు. ఇంటిలో హిందీ వినుచు పెరుగు బిడ్డలలో మాత్రము ఆ శక్తి నిలిచియున్నది. 'పాత', 'పాట' అను మాటలను వేరుగా వినగలుగు తెలుగువానికి ఈ భేదము ప్రయత్నసాధ్యమని తోచదు. పుట్టిన ప్రతి శిశువు అన్ని వర్ణములకును చెవి యొగ్గియుండునని, ఇల్లు వాడని వర్ణములు ఏడాది నిండక మునుపే జారిపోవునని దీనివలన తేలినది. శతపథము సంవత్సరమును అవధిగా చెప్పిన మాట ఇక్కడ మరల గుర్తుకు రాక మానదు.

2003లో ప్రకటితమైన మరియొక పరిశోధన వృద్ధవ్యవహార చర్చకు మరింత చేరువ. అమెరికాలో పట్రీషియా కూల్ అను విదుషి, ఆమె సహచరులు, తొమ్మిది మాసముల శిశువులకు చీనాభాష వినిపించిరి. కొందరి ఎదుట మనుష్యులే కూర్చుండి ఆటవస్తువులు చూపుచు పండ్రెండు మార్లు మాటలాడిరి. మరికొందరికి ఆ మాటలనే దృశ్యముద్రణలోను, ధ్వనిముద్రణలోను చూపిరి, వినిపించిరి. మనుష్యులతో గడపిన శిశువులు ఆ భాషా ధ్వనులను పట్టుకొనిరి. తెరను చూచిన శిశువులకు ఏమియు అబ్బలేదు. ధ్వని అదే, ముఖము అదే. వ్యవహారము మాత్రము లేదు.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క బిడ్డ సంగతి. శబరస్వామి చెప్పిన పెద్దల పరంపర ఒక దేశమున, ఒక భాషలో ఎట్లు నిలుచునో చూడవలెనన్నచో బిజినేపల్లి పరిసరములే చక్కని ఉదాహరణము. ఈ మండలములోని నందివడ్డెమాను ఒకప్పటి వర్ధమానపురము. కాకతీయుల సామంతులైన గోన వంశీయుల రాజధాని. ద్విపదలో రంగనాథ రామాయణము రచించినట్లు ప్రసిద్ధి గల గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. ఆయన కుమార్తె కుప్పాంబిక, మల్యాల గుండన భార్య, 1276 నాటి బూదపుర శాసనమున కనబడును. సాహిత్య చరిత్రకారులు ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా పేర్కొందురు. ఆ కాలమున బాలికలకు ఎంత చదువు చెప్పిరో శాసనములు చెప్పవు. కాని రామకథను సంస్కృతము రాని స్త్రీబాలురు సైతము పాడుకొనదగిన ద్విపదలోనికి దింపిన ఇంటిలో ఆ బాలిక పెరిగినది. తండ్రి కావ్యము, కూతురి కవిత ఒకే ఇంటి వ్యవహారము నుండి వచ్చినవి.

తరువాతి శతాబ్దములలో ఈ సీమపై పారసీకము, దాని వెనుక ఉర్దూ రాజభాషలైనవి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. పడమట రాయచూరు వైపు కన్నడము. గద్వాల, వనపర్తి సంస్థానములు పండితులను పోషించినవి. గద్వాలకు 'విద్వద్గద్వాల' యను బిరుదు కూడ కలిగినది. అయినను ఆ సభలకు పోగలిగినవారు ఎందరు? పొలము దున్నువాని ఇంట, మగ్గము నేయువాని ఇంట తెలుగును నిలిపినది సభ కాదు, బడియు కాదు. తల్లి, అవ్వ, మేనత్తల మాటలే నిలిపినవి. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపము వెలువడినప్పుడు, గద్వాల ప్రాంతపు ఇటికాలపాడు స్వగ్రామముగా గల సురవరము ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించి బదులు చెప్పెను. రాజు భాష వేరైనను ఇన్ని తెలుగు గొంతులు ఎక్కడ దాగి యుండెనో శబరస్వామిని అడిగినచో చెప్పగలడు.

ఇంకొక చిత్రమును గమనింపుడు. పాలమూరు పల్లెలలో ఉర్దూ అక్షరమెరుగని ముసలమ్మయు 'జల్ది రా' అనును, 'పరేషాన్' అనును. ఎవరు నేర్పిరి? సంతలో, కచేరీలో పనితో పాటు వినబడినవి, పనితో పాటు నాలుకకు ఎక్కినవి. అన్నంభట్టు దృశ్యమున బాలుని స్థానమున ఒక సీమ అంతయు కూర్చున్నట్లే.

ఆ పరంపరకు దెబ్బ వేరొక దిక్కునుండి తగిలినది. వానలు లేని ఈ నేలనుండి కూలీలు తరములుగా దూరదేశములకు వలస పోయిరి. దేశమున ఆనకట్టలు, కాలువలు, భవనములు ఎన్నింటికో పాలమూరు కూలీల చెమట ధార పోసినది. కొందరు బిడ్డలను వెంట గొనిపోయిరి. అట్టి బిడ్డ చుట్టును పని కలదు, పనితోడి మాటలును కలవు. కాని ఆరు మాసములకొక ఊరు, ఊరికొక భాష. ఆవాపోద్వాపములు పూర్తి గాకమునుపే ఆవు పేరు మారిపోవును. కొందరు బిడ్డలను ముసలి తల్లిదండ్రుల చెంత విడిచి పోయిరి. ఆ ముసలివారే ఆ బిడ్డలకు ఉత్తమవృద్ధులు, మధ్యమవృద్ధులు అయిరి. ఈ సీమ తెలుగులో పాత పలుకులు ఇంకను వినబడుటకు అట్టి అవ్వలు కొంతవరకైనను కారణమై యుందురు. ఆ ఋణమును ఏ శాసనమును చెక్కలేదు.

నేటి ఇండ్లలో కరువు లేకున్నను మరియొక విధమైన కొరత కనబడుచున్నది. ఉత్తమవృద్ధుని చేత ఒక ఫోను, మధ్యమవృద్ధుని చేత ఒక ఫోను. ఆవును తెమ్మను మాటయు లేదు, తెచ్చు పనియు లేదు. బువ్వ తినిపించుటకు చందమామకు బదులు బిడ్డ ఎదుటను ఒక తెర. దానిలో మాటలు వేనవేలు. కాని ఆ మాట విని లేచి పోవువాడు లేడు, బిడ్డ వేలు చూపినచో తిరిగి పలుకు ముఖము లేదు. శాస్త్రకారులు ఈ యంత్రమును చూడలేదు గాని దీనివలన వ్యుత్పత్తి కలుగదని వారి లక్షణము ముందే చెప్పుచున్నది.

ఒక్క విషయమున మాత్రము తప్పు తల్లిదండ్రులది కాదు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే వినికిడి లోపముండును. వారి ఎదుట ఎంత వ్యవహారము నడచినను చెవి ద్వారము మూసియుండును. తండ్రికి ఆలస్యముగా మాట వచ్చినదనియు, బిడ్డకును అట్లే వచ్చుననియు ఓపిక పట్టి, మ్రొక్కులతో రెండు మూడేండ్లు గడపివేయు కుటుంబములు నేటికిని కలవు. మ్రొక్కు తీర్చుకొనుడు, కాని చెవి పరీక్షను వాయిదా వేయకుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టు చెవుడు, మాట ఆలస్యము రెండును పరీక్షింపదగినవిగా చేర్చబడినవి. బృహదారణ్యకము బంగారముకంటె ముందు చెవినే తలచినదని పైన చూచితిమి కదా. చెవి లేని చోట కన్ను, చేయి కలవు. చేతి సంజ్ఞలతో వ్యవహరించు ఇంటిలో వినరాని బిడ్డయు భాషను సంపూర్ణముగా నేర్చును.

శనివారములలో నందివడ్డెమానులోని జ్యేష్ఠాదేవీసమేత శనీశ్వరాలయమునకు తైలాభిషేకముల కొరకు దూరదూరముల నుండి కుటుంబములు వచ్చుచుండును. ఇట్టి క్షేత్రములలో ఎక్కడనైనను కనబడు దృశ్యము ఒకటి కలదు. చంకనున్న బిడ్డకు అవ్వ శివుని ముందరి నందిని వేలితో చూపి 'జేజ' యనును, బిడ్డ చేతులు రెండును పట్టి జోడించును. బిడ్డయు 'జేజ' యనును. మెట్లు దిగి బజారులోనికి రాగానే అడ్డముగా నిలిచిన ఎద్దును చూచి బిడ్డ సంబరముతో మరల 'జేజ' యనును. అవ్వ నవ్వి, 'అది జేజ కాదురా, ఎద్దు, ఎద్దు' అనును. బిడ్డ ఎద్దు వంక చూచును, గుడి వంక చూచును, మరల ఎద్దు వంక చూచును.